చప్పుడు లేని రంపం

ఆ ఎండాకాలం మా ఇంటికి చప్పుడు చెయ్యని రంపం వచ్చింది. అది వచ్చిన రోజే ఇంట్లోంచి మాటలు వెళ్లిపోయాయి.

ముందే చెబుతున్నాను, నా మాట నమ్మేవాళ్లు మా ఇంట్లో తక్కువ. మా తాత ఒక చెట్టు నరికితే అది మూడు రోజులదాకా పడలేదనీ, తనను నరికేశారన్న సంగతి పాపం దానికి తెలియలేదనీ, మూడో రోజు దారినపోయే మనిషెవరో "నిన్ను కోసేశారటగా" అంటే "అలాగా" అని అప్పుడు పడిపోయిందనీ, ఇదంతా నేను కళ్లారా చూశాననీ మా అల్లుడికి పెళ్లయిన కొత్తలోనే చెప్పాను. అతను నవ్వలేదు. "ఏ వైపు పడింది మామయ్యా?" అని అడిగాడు. పని తెలిసినవాడు అడగాల్సిన ప్రశ్న అదే. వీడు మనవాడే అని ఆ రోజే అనుకున్నాను.

మా పని చెట్లు కొట్టడం, తుప్పలు నరికి నేల శుభ్రం చెయ్యడం. నా మోకాళ్లు మొరాయించాక రంపం మా అమ్మాయి చేతికి వెళ్లింది. అల్లుడు తుప్పలు కొడతాడు, అమ్మాయి కోసిన కొమ్మలు లాగుతాడు. నేను తాడు పట్టుకుంటాను, కబుర్లు చెబుతాను. కూలి మొదటిదానికే.

ఆ ఏడు ఊరి వెనక కొండవాలు పని మాకొచ్చింది. వేసవి ఆఖరులో పడమటి గాలి తిరుగుతుంది. అది తిరిగేలోగా వాలు మీద ఎండిన చెట్లూ తుప్పలూ తీసేసి, కొండకూ ఇళ్లకూ మధ్య బోడినేల మిగల్చాలి. లేకపోతే పైన ఎక్కడ నిప్పు పుట్టినా ఇళ్ల మీదికి దిగుతుంది. అంతకు ముందు ఏడు అలాగే రెండు వీధులు బూడిదయ్యాయి. ఆ నిప్పు ఎవరిదో పెట్రోలు రంపం పొగగొట్టంలోంచి ఎగిరిన రవ్వ అని తేలింది. అందుకని మాకు పని అప్పజెప్పిన సూపర్‌వైజరు మా మొహానే చెప్పేశాడు. "పెట్రోలు మెషీను కొండెక్కిందంటే మీరు కొండ దిగినట్టే. బ్యాటరీవి కొనుక్కోండి."

షాపు పెద్ద రోడ్డు మీద ఉంది. అద్దాల తలుపులు, చల్లగాలి. గోడకు రంపాలు మాంసం కొట్లోలాగా వరసగా వేలాడుతున్నాయి. షాపాయన ఒకటి దించి, బల్లకు బిగించిన దుంగ మీద ఆనించి నొక్కాడు. జుయ్యిమని దిగింది. వేలు వదిలాడు. ఆగిపోయింది. దగ్గూ లేదు, తుమ్మూ లేదు, గురకా లేదు.

"చూశారా? తాడు లాగి స్టార్ట్ చేసే బాధ లేదు. పొగ లేదు. పక్కగదిలో పసిబిడ్డ పడుకున్నా లేవదు," అన్నాడు.

"మొరిగే కుక్క కరవదంటారు. మరి ఈ మొరగని కుక్క సంగతేంటయ్యా?" అన్నాను.

షాపాయన నవ్వాడు. అల్లుడు వంగి రంపాన్ని అన్ని వైపులా చూసి, "వేలు వదిలేస్తే ఇది చచ్చినట్టా, కునుకు తీస్తున్నట్టా? ఎలా తెలుస్తుంది?" అన్నాడు.

"ఇదిగో, ఈ పచ్చ దీపం. వెలుగుతుంటే ప్రాణంతో ఉన్నట్టు."

ఆవగింజంత దీపం.

"ఎండలో కనబడుతుందా?"

"దగ్గరికొచ్చి చూస్తే కనబడుతుంది."

"దగ్గరికి రావచ్చో లేదో తెలియడానికే కదండీ దీపం," అన్నాడు అల్లుడు.

షాపాయన ఇంకో రంపం దించాడు.

చివరికి రెండు మిగిలాయి. ఒకటి పెద్దది. గొలుసు తిరిగే పొడుగాటి బారు, బరువైన బ్యాటరీ. మధ్యాహ్నందాకా మార్చక్కర్లేదు, అదే బ్యాటరీ తుప్పలు కొట్టే మెషీనుకూ పనికొస్తుంది. రెండోది చిన్నది, తేలిక. కాకపోతే బ్యాటరీలు మాటిమాటికీ మార్చుకోవాలి. అల్లుడు పెద్దదాని మీద చెయ్యి వేశాడు.

"ఇది తీసుకుందాం. ఎంత లావు మానైనా ఒక్క పక్కనుంచే తెగుతుంది."

"రోజంతా వాలు మీద దాన్ని మోస్తే నా భుజాలుంటాయా?" అంది మా అమ్మాయి. "చిన్నది చాలు."

"చిన్నదైతే మాను చుట్టూ తిరిగి కొయ్యాలి. నువ్వు అటు పక్కకెళితే నేను నీకు కనబడను."

"కొమ్మలు లాగేవాడివి, నీకెందుకు రంపం గొడవ? కోసేదాన్ని నేను. ఇల్లరికం వచ్చినవాడు ఇంట్లో ఏ కుర్చీలో కూర్చోవాలో చూసుకుంటే చాలు."

వేళాకోళానికే అంది. షాపాయన పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను, నవ్వొస్తే ఆపుకోవడం నాకు చేతకాదు. అల్లుడు పెద్ద రంపం మీంచి చెయ్యి తీసేశాడు.

"సరే," అన్నాడు.

ఆ తర్వాత చాలా రోజులు పెళ్లాంతో అతను మళ్లీ మాట్లాడలేదు. ఆమె రెండు పూటలు చూసి, తనూ మానేసింది.

అలకలు మాకు కొత్త కాదు. మా అమ్మాయి మూతి ముడిస్తే మూడు వారాలు, అల్లుడు ముడిస్తే దానికి ఒక వారం ఎక్కువ. అయినా పని ఎన్నడూ చెడలేదు. వాళ్లిద్దరి బదులు పెట్రోలు మెషీను మాట్లాడేది. అది గుర్రుమంటున్నంతసేపూ అల్లుడు దూరంగా నిలబడేవాడు. అమ్మాయి మీట నొక్కి దాన్ని చంపేసేది. చెవులు గుయ్యిమనేంత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలోకి అతను తలవంచుకుని నడిచి, చేతికందిన కొమ్మ పట్టుకుని లాక్కుపోయేవాడు. తలెత్తి చూసేవాడు కాదు, చూడాల్సిన పనీ లేదు. చప్పుడు చస్తే అడుగు వెయ్యి. మా వాళ్లు ఇన్నేళ్లూ బతికింది ఆ ఒక్క మాట మీద. ఒళ్లు నేర్చుకున్న పాఠం అది. బుర్రకు పోకుండానే కాళ్లు కదిలేవి.

కొత్త రంపంతో కొండెక్కిన మొదటి రోజే నాకు మనసులో ఏదో తేడా కొట్టింది. మామూలుగా రంపం చప్పుడుకు పక్షులు లేచిపోతాయి. అవి కదల్లేదు. పక్క కొమ్మ తెగుతుంటే ఈ కొమ్మ మీద కూర్చుని మెడలు తిప్పి చూశాయి. ఎండుటాకులు నలగడం వినబడుతోంది. కింద వీధిలో ఎవరో తలుపు గడియ పెట్టడం వినబడుతోంది. వినబడాల్సింది ఒక్కటే వినబడటం లేదు.

"ఈ మెషీను ఎంత నెమ్మదస్తురాలంటే, పొద్దున ఒక చెట్టు నిద్రలోనే పోయింది పాపం. లేచి చూసుకుంటే నడుము లేదు," అన్నాను గట్టిగా.

ఎవరూ నవ్వలేదు. నా మాట వాలు మీదికి దొర్లిపోయి ఎక్కడో ఆగింది.

కోతకూ కోతకూ మధ్య అంతా నిశ్శబ్దమే. నిశ్శబ్దం అయిందంటే అల్లుడి కాళ్లు కదులుతాయి. అమ్మాయి ఒక కొమ్మ కోసి వేలు వదిలింది. అతను తలవంచుకుని వెళ్లాడు. ముఖానికి వల ముసుగు పెట్టుకున్న అమ్మాయి పక్క కొమ్మకు తిరిగి నొక్కింది. జుయ్. అతని చొక్కా చెయ్యి మోచేతి దగ్గర విచ్చుకుంది. ఒంటికి తగల్లేదు. అతను ఆ చీలికను చూసుకున్నాడు. ఆమె కూడా చూసింది. అతను చొక్కా చెయ్యి పైకి మడిచి, కొమ్మ లాక్కుని వెళ్లిపోయాడు. ఒక తిట్టైనా తిట్టుకుంటారేమోనని ఆశపడ్డాను. అది కూడా లేదు.

ఆ సాయంత్రం పంచాయితీ పెట్టాను. "మీరు కాపురం చేసుకుంటారో, పక్కపక్క గదుల్లో అద్దెకున్నట్టుంటారో మీ ఇష్టం. కొండమీద మాత్రం ఒక కేక వేసుకోండి. అమ్మాయీ, నువ్వు రంపం ఆపగానే 'ఆగింది' అను. అల్లుడూ, నువ్వు 'వస్తున్నా' అను. రెండే మాటలు. పన్ను లేదు వాటి మీద."

"ముందు ఆయన్ని అడగమను నాన్నా, ఆగిందా అని. అడిగితే చెబుతాను," అంది అమ్మాయి గోడకేసి చూస్తూ.

అల్లుడు కాళ్లు కడుక్కుంటున్నాడు. "ఆపినవాళ్లు చెప్పాలి మామయ్యా. లాగేవాడికి రంపం గొడవెందుకు?" అన్నాడు.

మా ఆవిడ గుమ్మంలో నిలబడి చేతులు తుడుచుకుంటూ, "ఆవిడ చెప్పదు, ఆయన అడగడు, మధ్యలో ఆ మూగముండ. ముగ్గురు మూగవాళ్లని కొండెక్కించి నువ్వు తాడు పట్టుకుని కూర్చో. నాకు భయంగా ఉందయ్యా," అంది. మా ఆవిడకు భయమేస్తే నన్ను తిడుతుంది. తిట్టకుండా భయమని చెప్పడం నేనదే వినడం.

మర్నాటినుంచి నేను పోస్టుడబ్బానయ్యాను. "నాన్నా, ఆ మోడు పక్కకు తీసెయ్యమను." "మామయ్యా, పైన ఎండుకొమ్మ వేలాడుతోంది, చూసుకోమనండి." పది అడుగుల దూరంలో ఉన్నవాళ్ల మాటలు నేను అటూ ఇటూ మోశాను. రంపం ఆగినప్పుడల్లా "ఆగిందోయ్" అని నేనే అరిచాను. సాయంత్రానికి నా గొంతు పోయేది. మనిషి గొంతుకు ఛార్జింగు పెట్టే డబ్బా ఇంకా రాలేదు కదా.

అది జరిగిన రోజు నాకు అరిచే వీలు లేదు. లావు మానొకటి వాలుకు అడ్డంగా పడి ఉంది. అది దొర్లకుండా తాడు కట్టి, ఆ తాడు వెనక మోడుకు రెండు చుట్లు తిప్పి, నేను ఒళ్లంతా వెనక్కి వాల్చి పట్టుకున్నాను. మాను పైపక్క అమ్మాయి. కింది పక్క అల్లుడు. మధ్యలో గుబురు కొమ్మలు, ఎండి గలగలమనే ఆకులు. అమ్మాయి ఒక కొమ్మ కోసి ఆపింది. నా వైపు తిరిగింది.

"నాన్నా, తాడు బిగువుగా ఉందా?"

తల ఊపాను. పళ్లు బిగపట్టి ఉన్నాను, మాట రాదు.

ఆమె మళ్లీ మాను వైపు తిరిగింది. ఆకుల వెనక అల్లుడి టోపీ కిందికి వంగడం నాకు కనబడింది. ఆమెకు కనబడలేదు. ఆమె నిలబడ్డ చోటునుంచి అటు ఆకులు తప్ప ఏమీ లేవు. నా నోట్లోంచి గాలి మాత్రం వచ్చింది. జుయ్. రోజూ వినే చప్పుడే. మధ్యలో ఒక్కసారి మెత్తబడింది, మళ్లీ మామూలయింది.

అల్లుడు లేచి నిలబడ్డాడు. ఎడమ చేత్తో కుడిచేతిని పొట్టకు అదిమి పట్టుకున్నాడు. మొహంలో నెత్తురు లేదు.

"మామయ్యా, తాడు వదలకండి," అన్నాడు. "అది దొర్లితే కష్టం."

అమ్మాయి మాను మీంచి అతని పక్కకు దూకేదాకా అతను అక్కడినుంచి కదల్లేదు.

ఆసుపత్రిలో నర్సు కట్టు కడుతూ, "ఎలా తెగింది?" అని అడిగింది.

"రంపం."

"మీరే పట్టుకున్నారా?"

"కాదు. మా ఆవిడ."

నర్సు తలెత్తి మా అమ్మాయిని చూసింది. ఎక్కువసేపు కాదు. ఆ చూపు మాత్రం మాతోపాటు ఇంటికొచ్చింది, వచ్చి తిష్ట వేసుకుని కూర్చుంది.

కుడిచేతి చిటికెన వేలూ దాని పక్క వేలూ పోయాయి. ఇరుగుపొరుగు పలకరించడానికి వచ్చారు. వచ్చినవాళ్లంతా అల్లుడి చేతిని చూసి, అమ్మాయి మొహం చూసి, లేచి వెళ్లేవారు. వాళ్లిద్దరికీ మాటల్లేవని వీధంతా తెలుసు. మాటల్లేని పెళ్లాం, చేతిలో రంపం. ఎవరూ ఏమీ అనలేదు. ఆ అనకపోవడమే గేటుదాకా వినబడేది.

మా ఆవిడ ఒకరోజు వంటింట్లో కూతుర్ని నిలేసింది. "ఒక్క ముక్క చెప్పు. అతనక్కడున్నాడని నీకు తెలుసా, తెలియదా?"

"ఆయన అడగనీ."

"ఎందుకడుగుతాడే?"

"అడిగితే నేను కావాలని చేశాననుకున్నట్టు. అడక్కపోతే అనుకోనట్టు. చూస్తున్నా." అంది, కత్తిపీట పక్కకు నెట్టేసి లేచిపోయింది.

నేను అల్లుడి దగ్గరికి వెళ్లాను. వరండాలో చెయ్యి దిండు మీద పెట్టుకుని కూర్చున్నాడు.

"అల్లుడూ, దానికి నువ్వు కనబడలేదు. నాకు కనబడ్డావు. అడ్డంగా ఆకులున్నాయి. నా కళ్లతో చూశాను."

అతను నా వైపు చాలా మర్యాదగా చూశాడు. "మూడు రోజులదాకా పడని చెట్టును కూడా మీ కళ్లతోనే చూశారు కదా మామయ్యా," అన్నాడు.

నా జీవితంలో ఎన్ని కోతలు కోశానో, అన్నీ కలిసి ఆ పూట నా నోటికి అడ్డంపడ్డాయి.

"మీరు అబద్ధం చెబుతున్నారనటంలేదు," అన్నాడు. "కూతురు కాబట్టి నిజమైనా ఇదే చెబుతారు, కాకపోయినా ఇదే చెబుతారు. ఆ మాట మీ నోటితో నాకొద్దు."

పని సగంలో ఉంది. సూపర్‌వైజరు వచ్చి, గేటు బయటే నిలబడి, "ఇంకో ముఠా లేదు. గాలి దగ్గరికొచ్చేసింది. చేస్తారా, చెయ్యరా?" అన్నాడు. అమ్మాయి రంపం ముట్టనంది. నా మోకాళ్ల సంగతి చెప్పాను. అప్పుడు అల్లుడు లేచాడు. "నేను కోస్తాను," అన్నాడు. పెట్రోలు మెషీనైతే ఆ చేత్తో తాడు లాగి స్టార్ట్ చెయ్యడం అతని వల్ల అయ్యేది కాదు. దీనికి బొటనవేలూ చూపుడువేలూ చాలు. అవి రెండూ అతనికి ఉన్నాయి.

"కొమ్మలెవరు లాగుతారు?" అన్నాడు సూపర్‌వైజరు.

"నేను," అంది అమ్మాయి.

మా ఆవిడ నన్ను లోపలికి లాక్కెళ్లింది. "వద్దను. నువ్వు తండ్రివి, వద్దను," అంది.

వద్దన్నాను. నా మాట ఎవరు వింటారు?

మళ్లీ కొండెక్కాం. ఇప్పుడు పైన అతను, కింద ఆమె. అల్లుడు ఒక పద్ధతి పెట్టుకున్నాడు. కొమ్మ తెగ్గానే రంపంలోంచి బ్యాటరీ ఊడదీసి జేబులో వేసుకుంటాడు. టక్‌మని చిన్న చప్పుడు. అప్పుడు ఆమె లోపలికి వెళుతుంది. ఆమె బయటికొచ్చాక మళ్లీ బ్యాటరీ పెడతాడు. ప్రతి కొమ్మకూ అంతే. పని నత్తనడక నడిచింది. సూపర్‌వైజరు నెత్తి కొట్టుకున్నాడు. అల్లుడు పట్టించుకోలేదు.

ఆ టక్ వినబడితే గానీ నేను చూపు తిప్పేవాణ్ణి కాదు. రోజంతా అతని చేతిలో రంపం, పది అడుగుల కింద నా కూతురి వీపు. అతను తనలో తాను ఏమనుకుంటున్నాడో మొహంలో ఎక్కడా లేదు. అరటిపండు ఒలిచినట్టు మనిషిని చదువుతానని గొప్పలు పోయేవాణ్ణి. ఆ మొహంలో నాకు ఒక్క అక్షరం కూడా దొరకలేదు. ఆమె లోపలికి వెళ్లేటప్పుడు మాత్రం నాకొక సంగతి కనబడేది. తలెత్తి చూసేది కాదు. ఒక్కసారి కూడా.

ఒక మధ్యాహ్నం, తుప్పల మీద ఎండ తెల్లగా కాస్తోంది. వాలు మీద అడుగున ఉన్న ఆకులు వాటంతటవే కదలడం మొదలెట్టాయి. గాలి తిరుగుతోంది. అల్లుడు లావుపాటి కొమ్మ ఒకటి కోసి, వేలు వదిలాడు.

నేను టక్ కోసం చూశాను. రాలేదు.

అమ్మాయి అప్పటికే నడుస్తోంది. తలవంచుకుని, ఒకప్పుడు అతను నడిచినట్టే. కొమ్మల మధ్యకు దూరి వంగింది. ఎండకు కమిలిన మెడ వెనక భాగం, దాని మీద చెమటకు అంటుకున్న వెంట్రుకలు. ఆ మెడకు మూరెడు ఎత్తున రంపం. అతని రెండు వేళ్లూ ఎక్కడుండాలో అక్కడే ఉన్నాయి. అతను ఆమె మెడను చూస్తున్నాడు. మర్చిపోయినవాడి చూపు కాదది. నా చేతిలో అతను కోస్తున్న మానుకు కట్టిన తాడు ఉంది. దాన్ని వదిలితే మాను దొర్లుతుంది. అరవాలనుకున్నాను. అరిస్తే ఆ వేలు ఉలిక్కిపడుతుందేమోనని అరవలేదు. పుట్టి బుద్ధెరిగాక నేను నోరు మూసుకున్నది ఆ కాసేపే.

పక్షి ఒకటి పక్క కొమ్మ మీద వాలి, మళ్లీ ఎగిరిపోయింది.

"ఆన్‌లో ఉంది," అన్నాడు అల్లుడు.

నాతో కాదు.

అమ్మాయి వెనక్కి తిరగలేదు. చేతికందిన కొమ్మను రెండు చేతులా పట్టుకుని, కాలు నేలకు తన్నిపెట్టి లాగింది.

"తెలుసు," అంది.